కత్తికి ముక్కు పెట్టిన నెల

ఐటీ కారిడార్‌లో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేశానని చెబితే మీ వయసువాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏ టెక్నాలజీ అంకుల్?" నేను తడుముకోకుండా "ఉల్లిపాయలు" అంటాను. నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ నేను చెప్పింది అబద్ధం కాదు. నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద కంపెనీ టవర్ల కింద, రెండో బేస్‌మెంట్‌లో, వేలమందికి మధ్యాహ్నం భోజనం వండే వంటశాల ఉండేది. దానికి నేను సేఫ్టీ ఆఫీసర్ని. పై అంతస్తుల్లో ఎవరేం కోడు రాసేవారో నాకు తెలియదు. కింద ఎవరి వేలికి ఏమైందో రిజిస్టర్లో రాయడం నా పని.

అంతకుముందు పాతికేళ్ళు ఒక యంత్రాల ఫ్యాక్టరీలో, డ్రాయింగ్ సెక్షన్లో చేశాను. అక్కడ నేను గీసినవన్నీ గార్డులే. పళ్ళచక్రానికి మూత, బెల్టుకి జాలీ, ప్రెస్సు ముందు అడ్డుపట్టీ. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడికి వచ్చాను గానీ, కనిపించిన ప్రతిదానికీ ఏదో ఒక అడ్డు బిగించాలన్న పిచ్చి మాత్రం పోలేదు. బాచుపల్లిలో మా ఇంట్లో మిక్సీకి కూడా ఒకటి బిగిస్తే మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనే విప్పేశాను.

నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే ఎక్కువ గర్వపడిన రోజు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రోజు ఒకే నెలలో వచ్చాయి. ఈమధ్య మా అపార్టుమెంటు పిల్లలు కొందరు, ఏవేవో వస్తువులు డిజైన్ చేసే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళ ఆఫీసు కబుర్లు చెబుతుంటే ఆ నెల గుర్తొచ్చింది. అందుకే రాస్తున్నాను.

వంటశాలలో కూరగాయల గది అని ఒకటుండేది. పొడుగాటి స్టీలు బల్లలు, వాటి మీద కోయడానికి తెల్ల ప్లాస్టిక్ పలకలు, చుట్టూ పదిహేను మంది ఆడవాళ్ళు. అందరూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళోనూ మూసాపేటలోనూ గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. పొద్దున ఆరింటికి షేర్ ఆటోల్లో దిగేవాళ్ళు. పదకొండయ్యేసరికి బస్తాల కొద్దీ ఉల్లిపాయలు, బీన్సు, వంకాయలు ముక్కలై గిన్నెలకెక్కాలి. వాళ్ళకి పెద్ద, నారాయణపేట వైపు నుంచి వచ్చిన యాభై ఏళ్ళావిడ. గదిలో అందరూ పెద్దమ్మ అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి, వయసులో నాకంటే చిన్నదే అయినా. ఆవిడ మాత్రం నన్ను "సారూ, నువ్వు" అనేది. గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి, మొదట్లో ఆ "నువ్వు" నాకు చురుక్కుమనేది. ఆరు నెలలకి అది లేకపోతే కోపమొచ్చిందేమో అనుకునే స్థితికి వచ్చాను.

వానాకాలం చివర్లో, రెండు నెలల్లో ముగ్గురికి వేళ్ళు తెగాయి. పెద్ద దెబ్బలు కావు. కుట్లు పడ్డాయి, అంతే. దవాఖానకు పంపాం, కట్టు కట్టించాం, ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నాం. రిజిస్టర్లో "వేలికి గాయం, కత్తి వలన" అని మూడుసార్లు నా చేత్తోనే రాశాను. ఆ తర్వాత ఒకరోజు మా కిచెన్ మేనేజరు నా గదికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. భీమవరం నుంచి వచ్చినవాడు, ముప్ఫై దాటలేదు, మంచివాడు, మాటకి రెండు అండిలు.

"పైనుంచి మెయిలొచ్చిందండి. కూరగాయలు కోసి ప్యాకెట్లలో తెచ్చి ఇచ్చేవాళ్ళు ఉన్నారంటండి. కత్తి లేకపోతే గాయమే లేదు కదా అంటున్నారండి."

"మరి వీళ్ళు?"

"అదేనండి," అని నేల చూశాడు. "ఒక నెల టైమ్ అడిగానండి. నెలలో ఒక్క వేలు కూడా తెగకుండా ఉంటే గది ఉంచుతారంటండి. ఒక్కటి తెగినా మూసేస్తారంటండి. నెలాఖరుకి హెడ్డాఫీసు మేడమ్ వచ్చి చూస్తారండి."

ముగ్గురు ఇంటి దగ్గర ఉన్నారు, మిగిలింది పన్నెండు మంది. పన్నెండు మంది ఉద్యోగాలు, ఒక నెల, ఒక్క గాయం కూడా లేకుండా. నాకు ఆ క్షణంలో భయం వేయలేదు. సిగ్గులేకుండా ఒప్పుకుంటాను, ఉత్సాహం వచ్చింది. గార్డు బిగించడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరుకుతుందా?

కత్తికి వేలి గార్డు ఎందుకో మీకు చెప్పాలి. కత్తి మొనతో దేన్నైనా బలంగా పొడిచారనుకోండి. మొన గట్టిదానికి తగిలి హఠాత్తుగా ఆగిపోతుంది. చెయ్యి మాత్రం ఆగదు. పిడి మీద జారి ముందుకు పోయి, సరాసరి అంచు మీద పడుతుంది. అలా జారకుండా పిడికీ బ్లేడుకీ మధ్య ఒక అడ్డు పెడతారు. చెయ్యి వచ్చి దానికి కొట్టుకుని ఆగుతుంది. చేపలు కోసేవాళ్ళ కత్తులకి, వేటకత్తులకి అది ఉంటుంది. మా వంటశాల కత్తులకి లేదు. సన్నగా, తిన్నగా, పిడి మొదట్లో ఏ అడ్డూ లేకుండా ఉండేవి. నాకు దోషి దొరికిపోయాడనిపించింది.

ఆ సాయంత్రమే గీశాను. చూపుడువేలు ముందుకు పోకుండా, బొటనవేలంత వెడల్పు ఉక్కు పట్టీ, పిడి మొదట్లో కిందికి వంగి ఉంటుంది. చిన్నదైతే వేలు దాటిపోతుందేమోనని అంచు కన్నా అర అంగుళం కిందికి దించాను. మూసాపేటలో నాకు తెలిసిన వర్క్‌షాపులో ఆదివారమంతా కూర్చుని పన్నెండు కత్తులకి అతికించి, అరగదీసి, మెరుగు పెట్టించాను. సోమవారం పొద్దున పేపర్లో చుట్టి తెచ్చి పంచాను. ఫ్యాక్టరీలో కొత్త యంత్రం ప్రారంభించినప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు.

పెద్దమ్మ కత్తిని అటూ ఇటూ తిప్పింది. "ఏంది సారు, కత్తికి ముక్కు పెట్టించినవా?"

పక్కనున్నావిడ నా మొహం వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా ముక్కు కాస్త ఘనమైనదే, ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ క్షణం నుంచి ఆ గార్డుకి "సారు ముక్కు" అన్న పేరు స్థిరపడింది. నేను పట్టించుకోలేదు. పేరు పెట్టారంటే స్వీకరించినట్టే అనుకున్నాను.

ఉల్లిపాయ కోసి చూపించమన్నాను. పెద్దమ్మ కోసింది. ముందు సారు ముక్కు వచ్చి టక్కున పలకకి తగిలింది. అంచు అర అంగుళం పైనే ఆగిపోయింది. ఉల్లిపాయ సగం తెగి, సగం తెగక, ముక్కలన్నీ కిందివైపు అంటుకుని తోరణంలా లేచాయి. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నాకు చూపించింది.

"గుమ్మానికి కట్టుకోవచ్చు సారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, "అలవాటు కావాలమ్మా, రెండ్రోజులు చూడండి," అన్నాను. పాతికేళ్ళు నేను ఫ్యాక్టరీలో అందరికీ చెప్పిన మాట అదే. గార్డు పెట్టిన ప్రతిసారీ పనివాళ్ళు గొణుగుతారు, తర్వాత అలవాటవుతారు. అలా అనుకుని పప్పులో కాలేశాను.

అయితే మూడో రోజుకి నిజంగానే అంతా సర్దుకుంది. వెళ్ళి చూస్తే పన్నెండు మందీ బల్లల దగ్గర నిలబడి ఉన్నారు, పన్నెండు చేతుల్లో నా కత్తులున్నాయి, గిన్నెల్లో ముక్కలు నిండుగా ఉన్నాయి. ఒక్కరూ గొణగలేదు. వారం గడిచింది, ఒక్క గాయం లేదు. రెండో వారమూ లేదు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. మేనేజరు హెడ్డాఫీసుకి పంపడానికి నివేదిక అడిగితే రెండు పేజీలు రాసిచ్చాను. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఒకటుంది. "ఈ గార్డు వలన కత్తుల పదును కూడా ఎక్కువ రోజులు నిలుస్తున్నది. గత పదిహేను రోజులలో ఒక్క కత్తికి కూడా సాన పట్టించవలసిన అవసరం రాలేదు."

ఆ వాక్యం రాసిన మర్నాడు, షేర్ ఆటోలో వస్తుంటే, గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర నాకు బుర్ర పనిచేసింది. బస్తాల కొద్దీ ఉల్లిపాయలు కోసే కత్తి పదిహేను రోజులు పదును పోకుండా ఎలా ఉంటుంది? ఏ గార్డు పెట్టినా ఉక్కు ఉక్కే కదా!

ఆ రోజు మామూలుగా వెళ్ళే తలుపు నుంచి వెళ్ళలేదు. సరుకులు దింపే ర్యాంపు మీదుగా, బియ్యం బస్తాల వెనక నుంచి వెళ్ళాను. చూస్తే బల్లల దగ్గర ఎవరూ లేరు. పదకొండు మంది నేల మీద, అట్టపెట్టెలు విప్పి పరుచుకుని, రెండు వరసల్లో కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరి పాదం కింద ఒక కత్తిపీట. ఇళ్ళ నుంచి తెచ్చుకున్నవి. వంకాయలు, బీన్సు వర్షంలా రాలుతున్నాయి. తలుపు దగ్గర ఒకావిడ కొత్తిమీర తుంచుతూ నడవా వైపు కన్నేసి కూర్చుంది. ఆవిడ పని నా కోసం కాపు కాయడం. నా కత్తులు పన్నెండూ బల్ల మీద, శుభ్రంగా, వరసగా, తళతళలాడుతూ ఉన్నాయి.

నన్ను ముందు చూసింది పెద్దమ్మే. లేవలేదు. చేతిలో ఉన్న వంకాయ పూర్తిగా కోసి, నీళ్ళలో వేసి, అప్పుడు తలెత్తింది.

"ఇగ దొరికినం," అంది.

మా వంటశాలలో కత్తిపీట నిషేధం. ఆ నిషేధం సరైందే. తడి నేల, వేడి గిన్నెలతో అటూ ఇటూ తిరిగే మనుషులు, మధ్యలో నిలబెట్టిన కత్తులు. ఎవరైనా జారి వాటి మీద పడితే ఏమవుతుంది? నేను కోపంతో ఊగిపోయాను. అరిచాను కూడా. మీ ఉద్యోగాల కోసం నేను ఆదివారం సెలవు మానుకుని కత్తులు చేయిస్తే మీరు నన్ను ఇలా వెర్రివాణ్ణి చేస్తారా అన్నాను.

"అయిపోయిందా సారు?" అంది పెద్దమ్మ. "ఇప్పుడు నేనొకటి అడుగుత. గా ముగ్గురు ఆడపిల్లలకు ఏ చెయ్యి తెగింది?"

నేను రాసింది గుర్తు చేసుకున్నాను. రిజిస్టర్లో "వేలికి గాయం" అని ఉంది. ఏ చేతి వేలో రాయలేదు. ఆ ఫారంలో అలాంటి గడి లేదు. ఆ ఫారం తయారుచేసింది నేనే.

"ఎడమ చెయ్యి సారు. ముగ్గురికీ ఎడమ చెయ్యే. కత్తి కుడిచేతిల ఉంటది. ఉల్లిగడ్డ పట్టుకున్నది ఎడమ చెయ్యి. కోసేటప్పుడు తెగేది గదే. నువ్వేమో కుడిచేతికి ముక్కు పెట్టినవ్. బండి నడిపేటోనికి హెల్మెట్ పెట్టినవ్, ఎనక కూసున్నది పడ్డది."

తల కొట్టేసినట్టయింది. గార్డు అన్నది పొడిచే చేతికి. మా వాళ్ళు పొడవరు, కోస్తారు. కోసేటప్పుడు కుడిచెయ్యి ఎక్కడికీ జారదు. పాతికేళ్ళు గార్డులు గీసినవాణ్ణి, ఏ చేతిని కాపాడాలో అడగకుండా గార్డు గీశాను.

"మరి ఈ మాట మొదటిరోజే చెప్పచ్చు కదమ్మా?"

"నువ్వు ఎంత ఖుషీగున్నవో చూస్తిమి. ఎట్ల చెప్పాలె? కత్తిపీట మాకు చిన్నప్పటి సంది అలవాటు. దాని మీద మాకు తెగదు. నెల గడవాలె, నీ పేరు నిలవాలె, మా పని నిలవాలె. గందుకే గిట్ల చేసినం."

అంటే ఆ మోసంలో నా మీద దయ కూడా ఉంది. అది నా కోపాన్ని మరీ తినేసింది. గొంతు తగ్గించి, "ఆ ముగ్గురూ ఎప్పుడొస్తున్నారు? కుట్లు విప్పేసి ఉంటారుగా?" అని అడిగాను.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఏడొస్తరు సారు? మూడో దినానికే గేటు పాసు బందయింది. నీకు తెల్వదా?"

నాకు నిజంగా తెలియదు. విశ్రాంతికి పంపాం అనుకున్నాను. వాళ్ళని పనికి పెట్టిన కాంట్రాక్టరు మళ్ళీ పిలవలేదు. వేలు తెగితే ఉద్యోగం పోతుందని ఆ గదిలో అందరికీ తెలుసు, సేఫ్టీ ఆఫీసరుకి తప్ప.

అప్పుడు నేనేం చేశానో రాస్తే మీకు నా మీద గౌరవం తగ్గచ్చు. ఏమీ చేయలేదు. నెలలో మరో పది రోజులే మిగిలాయి. కత్తిపీటలు గోడవారగా, ఎవరూ నడవని మూలకి మార్పించాను. మర్నాటి నుంచి ఆ గదికి వెళ్ళేముందు నడవాలో నిలబడి గట్టిగా దగ్గడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలాగి లోపలికి వెళ్ళేవాణ్ణి. కొత్తిమీర తుంచే ఆవిడకి ఆ కాపలా పని తప్పింది.

దసరా సెలవులకి ముందు రోజు వంటశాలలో ఆయుధపూజ చేశారు. గరిటెలు, గ్రైండర్లు, కత్తులు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టారు. నాకు ఫ్యాక్టరీ రోజులు గుర్తొచ్చాయి. మా దగ్గర ఆయుధపూజకి పనిముట్లన్నిటికీ నూనె పట్టించి, సెలవులయ్యాక నూలు పీచుతో శుభ్రంగా తుడిచి పని మొదలుపెట్టేవాళ్ళం. ఆ ముచ్చటకొద్దీ నేనే స్వయంగా నువ్వులనూనె గిన్నె తీసుకుని నా పన్నెండు కత్తులకీ పిడితో సహా దట్టంగా పట్టించాను. పిడికెందుకు సారు అని ఎవరో అడిగితే, "నిగనిగలాడుతుంది," అన్నాను. తర్వాత తుడవాలని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఫ్యాక్టరీలో అది చెప్పాల్సిన విషయం కాదు, అందరికీ తెలిసిందే.

సెలవుల తర్వాత మొదటిరోజే హెడ్డాఫీసు మేడమ్ వచ్చారు. విశాఖపట్నం ఆవిడ, నా వయసే ఉంటుంది. చెప్పిన టైముకి గంట ముందే దిగారు. కత్తిపీటలు బస్తాల వెనక్కి పోయాయి, అందరూ బల్లల దగ్గరికి పరుగెత్తారు. ఆరోజు వంట గుమ్మడికాయ పులుసు. బల్ల మీద బిందెలంత గుమ్మడికాయలు.

మేడమ్ చూస్తుండగా పెద్దమ్మ పెద్దకాయని ముందుకు లాక్కుంది. హడావిడిలో నా కత్తి తీసి, బ్లేడు మాత్రం గుడ్డతో తుడిచింది. తొడిమ పక్కన మొన ఆనించి, ఒళ్ళంతా బరువు వేసి పొడిచింది. మొన దిగి ఆ గట్టి తోలులో బిగుసుకుపోయింది. నూనె పట్టిన పిడి మీద ఆవిడ చెయ్యి సర్రున జారింది.

టక్‌మని చప్పుడైంది. కత్తి గుమ్మడికాయలో నిలబడి ఉంది. పెద్దమ్మ చెయ్యి గార్డుకి కొట్టుకుని అక్కడే ఆగిపోయింది. ఆవిడ మెల్లగా గుప్పిట విప్పి చూసుకుంది. చూపుడువేలి మీద ఎర్రగా కమిలిన గీత ఉంది, రక్తం లేదు.

"ఓ సారు," అంది చాలా చిన్న గొంతుతో. "గీ ముక్కు లేకుంటే నాలుగు వేళ్ళు పొయ్యేటివి."

మేడమ్ దగ్గరికొచ్చి కత్తి లాగి గార్డుని వేలితో తడిమి చూశారు. "ఇది ఎవరి డిజైనండి?"

"మా సారుదేనండి!" మేనేజరు మొహం వెలిగిపోతోంది. "నెల రోజులుగా వాడుతున్నామండి, ఒక్క గాయం లేదండి. మన కిచెన్లన్నిటికీ పెట్టచ్చండి."

"పెడదాం," అన్నారు మేడమ్. "ఇంత స్పష్టంగా కళ్ళముందు కనిపించాక ఆలోచించేదేముంది? అన్ని ఊళ్ళకీ పంపిద్దాం. గది కూడా ఉంచేద్దాం."

గది నిలిచింది, నా పేరూ నిలిచింది. నోరు మూసుకుని నవ్వితే చాలు. కానీ నాకు ఎదురుగా ఏ ఊళ్ళోనో ఒక బల్ల, దాని దగ్గర నిలబడ్డ ఎవరో ఆడమనిషి కనిపించింది. నా గార్డు పలకకి తగిలి ఉల్లిపాయ తెగక, ఇంకా బలంగా నొక్కి, ఎడమ చెయ్యి కోసుకుంటుంది. ఆమె దగ్గర కత్తిపీట ఉండదు. గేటు పాసు మాత్రం పోతుంది. నిజం చెబితే ఇక్కడ పన్నెండు మంది పని పోవచ్చు. చెప్పకపోతే అక్కడ ఎందరి వేళ్ళో తెగుతాయి. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆవిడ నా మొహం చదివేసింది. చెప్పమన్నట్టు తలూపింది.

"మేడమ్, ఇది వాడింది నెల కాదు," అన్నాను. "ఒక్కసారి. ఇప్పుడే, మీరు చూసిందే. జారడానికి కారణం కూడా నేనే, పిడికి నూనె రాసింది నేనే. ఇది గుమ్మడికాయకి పనికొస్తుంది. ఉల్లిపాయకి పనికిరాదు. మా వాళ్ళకి తెగింది ఎడమ చేతులు, నేను గార్డు పెట్టింది కుడిచేతికి."

మేనేజరు మొహం మాడిపోయింది. మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. "మరి నెల రోజులు దేంతో కోశారు?"

పెద్దమ్మ బస్తాల వెనక్కి వెళ్ళి, తన కత్తిపీట తెచ్చి, బల్ల మీద పెట్టింది. "దీంతోని మేడమ్. సారుకు ఎరుకలేకుండ మేమే తెచ్చినం. చెప్తే పని పోతదని చెప్పలే."

మేడమ్ కత్తిపీట వైపు చూశారు, నా వైపు చూశారు, ఆ పన్నెండు మంది మొహాలు చూశారు. తర్వాత పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మా అమ్మ దగ్గర ఇలాంటిదే ఉండేది," అన్నారు. "దీన్ని మాత్రం ఈ తడి నేల మీద నేను ఒప్పుకోను. ఈరోజే ఇళ్ళకి పంపించేయండి. ఈ ముక్కు కత్తులు రెండు చాలు, గుమ్మడికాయలకి. మిగతావాటికి పీకించేయండి. ఎడమ చేతికి ఏం చేస్తారో పదిహేను రోజుల్లో నాకు చూపించండి. గది ఉంటుంది."

ఆ గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పన్నెండు మందీ ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం విన్నాను.

మేడమ్ పైకి వెళ్ళగానే నేను జేబులోంచి కాగితం, పెన్సిలు తీశాను. పెద్దమ్మ కాగితం లాక్కుని పక్కన పడేసింది. ముక్కు లేని పాత కత్తి ఒకటి నా చేతిలో పెట్టి, ముందు ఒక ఉల్లిపాయ దొర్లించింది.

"ముందు నువ్వు కొయ్యి సారు. తర్వాత గియ్యి."

అరవైకి దగ్గరపడ్డ నేను అప్పటిదాకా ఉల్లిపాయ కోయలేదు. తినడమే తెలుసు. పట్టుకోవడం నేర్పించింది. వేళ్ళు లోపలికి మడవాలి, గోళ్ళు కనిపించకూడదు, కత్తి కణుపులకి ఆనుకుని కదలాలి. నాలుగు ముక్కలు బాగానే పడ్డాయి. ఐదోదానికి కళ్ళ నీళ్ళతో ఏమీ కనిపించలేదు. ఎడమ చూపుడువేలు చురుక్కుమంది. తెల్ల పలక మీద ఎర్రచుక్క పడింది.

అందరూ కొయ్యబారిపోయారు. గది ఉంటుందని చెప్పి మేడమ్ వెళ్ళి పావుగంట కాలేదు. పెద్దమ్మ చప్పున పసుపు తెచ్చి నా వేలికి అద్ది, గుడ్డముక్క చుట్టి, నా చెయ్యి పట్టుకుని నా ప్యాంటు జేబులో పెట్టింది.

"జేబుల పెట్టుకో సారు. ఏం ఫికర్ లేదు. మేమందరం గట్లనే చేస్తం. మేము కొంగుల పెట్టుకుంటం."

నాకు కళ్ళు మండింది ఉల్లిపాయకి మాత్రమే కాదు. మూడు గాయాలు అని నేను రాసుకున్నాను. దాచలేనంత పెద్దవి కాబట్టి ఆ మూడు నా దాకా వచ్చాయి. మిగతావన్నీ కొంగుల్లోనే ఉండిపోయాయి.

జేబులోంచి చెయ్యి తీసి, మెట్లెక్కి పైకి పరుగెత్తాను. మేడమ్ కారెక్కబోతున్నారు. గుడ్డ విప్పి వేలు చూపించాను.

"ఇప్పుడే తెగింది మేడమ్. నాకు. నా గేటు పాసు ఆపేస్తారా?"

ఆవిడ తెల్లబోయారు. ఆ ముగ్గురి సంగతి చెప్పాను, కొంగుల సంగతి చెప్పాను. రొప్పుతూ, వరసలేకుండా చెప్పాను. "వేలు చూపించినవాళ్ళ పని పోదని మీరు రాసివ్వండి మేడమ్. అది లేకుండా నేను ఏ చేతికీ ఏ గార్డూ చేయలేను. ఎక్కడ తెగుతోందో నాకెవరూ చూపించరు." ఆవిడ కారు తలుపు మూసేశారు. తర్వాత అక్కడే ఫోన్ తీసి మెయిలు రాసి, పంపి, నాకు చూపించారు. ముగ్గురినీ తిరిగి పిలవమని కూడా అందులో ఉంది. ఇద్దరు తిరిగొచ్చారు. మూడో ఆవిడ అప్పటికే బాచుపల్లిలో ఒక స్కూలు వంటగదిలో చేరిపోయి, రానని చెప్పింది.

ఆ మెయిలుని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గదిలో అంటించాను. మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండో రోజు కొత్తిమీర ఆవిడ నా గది గుమ్మంలో నిలబడి, కొంగులోంచి చెయ్యి తీసింది. మధ్యవేలి కొనకి రెండు రోజుల నాటి గాటు. రాశాను. ఆమె వెళ్ళి ఏం చెప్పిందో గానీ, మధ్యాహ్నానికి గుమ్మం బయట వరస కట్టారు. అన్నీ ఎడమ చేతులే. అన్నీ చూపుడువేలు, మధ్యవేలు, గోరు పక్కనే. గార్డు ఎక్కడ ఉండాలో, ఎంత ఉండాలో ఆ వేళ్ళే చెప్పేశాయి. రెండువేళ్ళ ముందు నిలబడే పల్చటి స్టీలు రేకు, వెనక ఉంగరం. పది నిమిషాల్లో గీసేశాను. ఆ నెల నా నివేదికలో ఉన్నన్ని గాయాలు నా సర్వీసు మొత్తంలో ఎప్పుడూ లేవు. అంత సంతోషంగా నేను ఏ నివేదికా పంపలేదు.

వరసలో అందరికంటే చివర పెద్దమ్మ వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఎడమచెయ్యి బల్ల మీద పరిచింది. చూపుడువేలికి అడ్డంగా తెల్లబడిపోయిన పాత మచ్చ.

"ఇది పోయినేడుది సారు," అంది. "నాలుగు దినాలు దాచిపెట్టి పనిచేసిన. రాస్తవా?"

"రాస్తానమ్మా," అన్నాను.

నేను రాసేదాకా ఆవిడ చెయ్యి తీయలేదు.